టీచర్ల ముష్కరం

జనం ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకోవడం నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా బెంగళూరులో ఒక సర్వే ఆఫీసులో ఆ ఒక్క పనే చేశాను. మొదట ఇల్లిల్లూ తిరిగి అడిగేదాన్ని, తర్వాత తిరిగే అమ్మాయిలను చూసుకునేదాన్ని. సబ్బుల గురించి, బస్సుల గురించి, ఓట్ల గురించి, చెత్తబండి రాకపోవడం గురించి అడిగాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడిగితే అందరూ పెడతారని ఎవరూ అనలేదు. తలుపు ముఖాన వేసినవాళ్ళు, కుక్కను వదిలినవాళ్ళు, కాఫీ ఇచ్చి జవాబు మాత్రం ఇవ్వనివాళ్ళు, అన్ని రకాలూ చూశాను.

ఈ మధ్య పాత ఆఫీసువాళ్ళు కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. మైకు ముందు చెప్పింది కొంచెం, మింగింది ఎక్కువ. మింగిందాన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో రాయను. నాకే సరిగ్గా గుర్తు లేదు, మీకు అంతకంటే అక్కర్లేదు.

ఆసుపత్రికి పోని మనిషి

ఈ పనిలో నాకు గురువు నారాయణప్ప సారు. ఆయనే మా ఆఫీసుకు యజమాని. చిత్తూరు వైపు నుంచి ముత్తాతల కాలంలో వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ కుటుంబం. నేను బెంగళూరు పక్కనుండే ఆనేకల్ మనిషిని. ఇద్దరికీ ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. పనిలో చేరిన మొదటి రోజు ఆయన నాకు చెప్పింది ఒకే మాట.

"ప్రశ్న అడిగినాక నోరు మూసుకోవాల రత్నా. వాళ్ళు ఆలోచిస్తా ఉండేటప్పుడు నువ్వు అందిచ్చినావంటే, అది నీ జవాబు అయిపోతుంది."

వినడానికి తేలిక, చేయడం కష్టం. అవతలి మనిషి తడబడుతుంటే సాయం చేయాలని నోరు దురదపెడుతుంది. ఆ దురద ఆపుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ రోజుల్లో ఊరి అంచున ఉన్న వర్తూరులో ఒక పెద్దమనిషి ప్రభుత్వ ఆసుపత్రి గురించి నాకు అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. డాక్టర్లు రారు, మందులు ఉండవు, నర్సులకు పొగరు అని ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పాడు. చివరి ప్రశ్న, మీరు ఆ ఆసుపత్రికి కిందటిసారి ఎప్పుడు వెళ్ళారు అని. ఆయన నన్ను వింతగా చూశాడు. "నేనెందుకు పోతానమ్మా అక్కడికి?" అన్నాడు. అంతసేపూ నిలబడి రాసుకున్నందుకు నా కాళ్ళు పీకుతున్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు. ఆఫీసుకు వచ్చి చెబితే నారాయణప్ప సారు నవ్వలేదు. అది కూడా అభిప్రాయమే, ఆయన చెప్పినట్టే రాయి అన్నారు. మన పని తీర్పు చెప్పడం కాదు. ఎవరు చెప్పారు, ఏం చూసి చెప్పారు అనే రెండూ పక్కపక్కన రాయాలి. రెండోది రాయకుండా మొదటిది ఒక్కటే అమ్ముకునే ఆఫీసులు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి.

శిక్షకులు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

బెళ్ళందూరులోనూ వర్తూరులోనూ బడులున్న ఒక ప్రైవేటు విద్యాసంస్థలో టీచర్లు సమ్మెకు దిగారు. కారణాలు రెండు. జీతాలు చాలా కాలంగా పెరగలేదు. పైగా యాజమాన్యం కొత్త పద్ధతి ఒకటి తెస్తానంది. నెలనెలా తల్లిదండ్రులు ఫోన్లో ఒక్కొక్క టీచరుకూ స్టార్లు ఇవ్వాలి, ఆ స్టార్లను బట్టి జీతం పెరగడమో ఆగడమో జరుగుతుంది. జీతం పెంచమంటే స్టార్లు అంటారేమిటని టీచర్లు బడి గేటు ఎదురుగా షామియానా వేసుకుని కూర్చున్నారు. బడికి సెలవులిచ్చేశారు.

తల్లిదండ్రులు ఎవరి వైపు ఉన్నారో కనుక్కోమని యాజమాన్యం మా ఆఫీసుకు పని అప్పజెప్పింది. సంస్థ కార్యదర్శి మర్యాదస్తుడే, దేన్నీ దాచలేదు. "పేరెంట్స్ వాళ్ళ వైపు ఉంటే కూర్చుని మాట్లాడతాం మేడం. మా వైపు ఉంటే మాత్రం కొత్తవాళ్ళను తీసుకుంటాం. ముందు వీళ్ళకు లీడరైన ఆ లెక్కల టీచర్ని పంపించేస్తాం" అన్నాడు. ఉద్యోగం నుంచి తీసేసే లెటర్లు సిద్ధంగా ఉన్నాయని కూడా చెప్పాడు.

ఆ లెక్కల టీచరు పేరు ప్రమీల. వర్తూరు అమ్మాయి, పదో తరగతికి చెబుతుంది. బెళ్ళందూరు బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు షామియానా ముందే నిలబడి ఉంది. నేను ఎవరో తెలిసి దగ్గరికి వచ్చింది.

"మేడం, పేరెంట్స్‌ను ఏమని అడుగుతా ఉండారు మీరు?"

చెప్పకూడదమ్మా అన్నాను. ఏ సర్వేలోనైనా, ఎవరి గురించి అడుగుతున్నామో వాళ్ళకు ప్రశ్నలు ముందుగా చూపించం.

"పోనీలెండి. మీరు వాళ్ళను సరిగ్గా అడిగితే చాలు. ఈ స్కూల్లోనుంచి తీసేసినారంటే ఈ పక్క ఏ స్కూలూ నన్ను చేర్చుకోదు. గలాటా చేసే టీచరని నాకంటే ముందు నా పేరు పోయుంటుంది ఆడికి. పదో క్లాసు పిల్లల ముందర నిలబడకుండా నేనేం చేసేది?"

ఆ అమ్మాయి ఏడవలేదు, బతిమాలలేదు. ఉన్న సంగతి చెప్పి వెళ్ళి మళ్ళీ షామియానా కింద నిలబడింది. నాకు ఆ పిల్ల మీద జాలి కలిగింది. చెప్పులతో పాటు జాలినీ గుమ్మం బయట వదిలి ఇళ్ళలోకి వెళ్ళడం మాకు అలవాటు చేసిన విద్య, కాబట్టి వదిలేశాను.

ప్రశ్నలు యాజమాన్యం ఇంగ్లీషులో ఇచ్చింది. వాటిని మేము కన్నడం, హిందీ, తమిళం, తెలుగుల్లోకి మార్చుకున్నాం. తెలుగు ఎప్పుడూ నారాయణప్ప సారే స్వయంగా రాసేవారు. అది ఆయనకు పూజతో సమానం. తెలుగు పేరు కనబడితే తెలుగులోనే అడగాలి, లేకపోతే జనం మనసు విప్పరని ఆయన పట్టు. ముందు కన్నడ కాగితం తయారు చేసి, దాన్ని పక్కన పెట్టుకుని తెలుగు రాశారు.

మొదటి ప్రశ్న ఇలా వచ్చింది: 'శిక్షకులు చేస్తున్న ముష్కరానికి మీ మద్దతు ఉందా?'

నేను చూసి, "శిక్షకులు అంటే కన్నడంలో టీచర్లే గానీ, తెలుగువాళ్ళు శిక్షలు వేసేవాళ్ళు అనుకుంటారేమో సార్" అన్నాను. ఆయన నవ్వి దాన్ని కొట్టేసి 'టీచర్లు' అని రాశారు. ఇద్దరం మా తెలివికి మురిసిపోయి టీ తాగాం. పక్కనే ఇంకో మాట నిక్షేపంగా కూర్చుని ఉంది. అది మా ఇద్దరికీ కనబడలేదు.

ఎందుకు కనబడలేదో చెబితే గానీ బయటివాళ్ళకు అర్థం కాదు. కన్నడంలో ముష్కరం అంటే సమ్మె. బస్సుల ముష్కరం, బ్యాంకుల ముష్కరం అని పొద్దున్నే పేపర్లో చదువుతాం. తెలుగు ఇళ్ళలో కూడా 'ఈ పొద్దు బస్సులు ముష్కరం' అనుకుంటూనే పెరిగాం. తెలుగు పేపరు చదవడం నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నాను, మా ఆయనది హిందూపురం కాబట్టి. అందులో ముష్కరులు అనే మాట కూడా చూశాను. బాంబులు వేసేవాళ్ళను, అమాయకులను చంపేవాళ్ళను అలా అంటారని తెలుసు. అయినా ఆ మాట ఒక అరలో, ఈ మాట ఇంకో అరలో ఉండిపోయాయి. రెండు అరలూ ఒకేసారి తెరిచే అవసరం ఎప్పుడూ రాలేదు.

వింత జవాబులు

సర్వే అమ్మాయిలు ఇళ్ళకు వెళ్ళి వచ్చారు. కన్నడ ఇళ్ళలో అభిప్రాయాలు అటూ ఇటూ ఉన్నా, టీచర్ల వైపు కాస్త ఎక్కువ మంది ఉన్నారు. వర్తూరులో మాలాంటి పాత తెలుగు ఇళ్ళలోనూ అంతే. బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లలో ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు మాత్రం దాదాపు అందరూ మద్దతు లేదన్నారు. ఆ బడిలో పిల్లలు ఎక్కువ మంది వాళ్ళవాళ్ళే. అన్నీ కలిపితే తక్కెడ యాజమాన్యం వైపు ఒరిగింది.

నారాయణప్ప సారు దానికి వెంటనే కారణం కనిపెట్టారు.

"ఆడ కార్పొరేటు కాలేజీల్లో చదివినోళ్ళప్పా వీళ్ళంతా. ర్యాంకు వస్తే చాలు, టీచరు బతికినా చచ్చినా వాళ్ళకు పట్టదు."

ఆఫీసులో అందరం తలూపాం. నేనూ ఊపాను. కారణం నున్నగా ఉంటే మింగడం సులువు. కొత్త పిల్లలకు నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. లెక్క వింతగా వస్తే జనాన్ని అనుమానించకండి. ముందు మీరు అడిగిన ప్రశ్నను తీసి, మీకు బొత్తిగా పరిచయం లేని మనిషికి వినిపించండి. మేము ఆ పని ముందుగా చేయలేదు. కార్యదర్శి మాత్రం ఫోన్లోనే సంతోషించి, వివరాల రిపోర్టు తర్వాత ఇవ్వండి, ముందు ముక్తసరిగా ఒక పేజీ పంపండి అన్నాడు. పంపేశాం.

ఒంగోలు పెద్దావిడ

సర్వే అయ్యాక కొన్ని ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి, మా అమ్మాయిలు నిజంగా వచ్చారా, అడిగారా అని చూసుకోవడం మా పద్ధతి. బ్యాక్ చెక్ అంటాం. ఈ పని బద్ధకించి ఇంట్లో కూర్చుని రాసేసే సూపర్‌వైజర్లను నేను ఎరుగుదును. అలాంటివాళ్ళ కింద పని చేయాల్సి వస్తే వేరే ఆఫీసు చూసుకోండి.

బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటులో ఒంగోలు పెద్దావిడ తలుపు తీసింది. కోడలు లోపల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఉంది. మనవడు సోఫా మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటున్నాడు.

మా అమ్మాయి వచ్చి బడి గురించి అడిగిందా అన్నాను.

"వచ్చిందమ్మా, నేనే చెప్పాను. కోడలికి ఖాళీ లేదు. అయినా టీచర్లు అట్లాంటి పనులు చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు."

"ఎట్లాంటి పనులండీ?"

"అదే, ముష్కరం. ఆ పిల్లే అందిగా. పేపర్లో రోజూ చూస్తూనే ఉంటాం కదమ్మా, ముష్కరులు చొరబడ్డారు, ముష్కరుల దాడి అని. చిన్నపిల్లలుండే చోట ఇదేం పాపం? అందుకే కాబోలు బడి మూసేశారు, మావాళ్ళు నాకు భయమేస్తుందని చెప్పడం లేదు అనుకున్నా. ఎవరికన్నా దెబ్బలు తగిలాయా?"

ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం అంత సులువుగా నాకు ఎప్పుడూ రాలేదు.

"మరి మీరు ఏమని జవాబిచ్చారండీ?"

"ఏమంటాను? ముష్కరానికి మద్దతేంటి తల్లీ, ఛీ, లేదు రాసుకో అన్నాను."

కోడలు చెవిలోని ఇయర్‌ఫోను ఒకటి తీసి, "అత్తయ్యా, అది స్ట్రైక్. జీతాల కోసం సమ్మె చేస్తున్నారు" అంది.

పెద్దావిడ నా వైపు తిరిగింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. "సమ్మె అయితే సమ్మె అని అడగాలి గానీ, ఆడపిల్లల్ని పట్టుకుని ముష్కరులంటారా? మా ఆయన బస్సు డ్రైవరమ్మా. ఆయన చేయని సమ్మె లేదు. నేను క్యారియరు పట్టుకుని డిపో దగ్గరకు వెళ్ళేదాన్ని. టీచర్లకు మద్దతు ఉంది. రాసుకో!"

రాసుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు. ఆవిడకు దండం పెట్టి బయటికి వచ్చి లిఫ్టు దగ్గర గోడకు ఆనుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం వచ్చాయి.

అదే అపార్ట్‌మెంటులో ఇంకో ఇంటికి వెళ్ళాను. ఒక తండ్రి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ముష్కరం అంటే మీకేం అర్థమైందండీ అని తిన్నగా అడిగాను.

"స్ట్రైక్ గురించే అని కాంటెక్స్ట్‌లో అర్థమైందండీ. కానీ అంత స్ట్రాంగ్ వర్డ్ వాడారంటే మేనేజ్‌మెంట్ చాలా సీరియస్‌గా ఉందనుకున్నా. వాళ్ళు చేయించే సర్వేలో వాళ్ళకు ఎగైనెస్ట్‌గా చెప్పి, రేపు మా బాబుకి ప్రాబ్లమ్ అవడం ఎందుకు? సేఫ్‌గా నో అని చెప్పేశా."

పెద్దావిడకు మాట అర్థం కాక లేదంది. ఈయనకు ఎక్కువ అర్థమై లేదన్నాడు. రెండు లేదులూ మా లెక్కలో ఒకే గడిలో పడ్డాయి.

యజమాని

ఆఫీసుకు వచ్చి జరిగింది చెప్పాను. నారాయణప్ప సారుకు కోపం వచ్చింది. ఆయన కోపం గట్టిగా ఉండదు, గొంతు తగ్గిపోతుంది.

"ముష్కరం అంటే ముష్కరమే కదమ్మా. మా నాయన అన్నాడు, మా తాత అన్నాడు. ఇప్పుడు ఎవరో ఒంగోలు నుంచి వచ్చి మా ఇంటి తెలుగు తప్పంటే తప్పయిపోతుందా?"

"తప్పు కాదు సార్. వర్తూరులో కాదు, ఆనేకల్లో కాదు. బెళ్ళందూరులో మాత్రం తప్పు."

ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మంచి యజమానులు వెంటనే ఒప్పుకుంటారని పుస్తకాల్లో రాస్తారు. నేను చూసిన మంచి యజమాని ఆ పూటంతా అలిగారు, ఎవరితోనూ మాట్లాడలేదు, భోజనం డబ్బా విప్పలేదు. మర్నాడు పొద్దున వచ్చి, కుర్చీలో కూర్చోకముందే కార్యదర్శికి ఫోన్ చేశారు. నేను ఎదురుగానే ఉన్నాను.

"మేము పంపిన పేజీ చించేయండి సార్. చెల్లదు. మళ్ళీ అడుగుతాము, ఖర్చు మాదే."

అవతల నుంచి ఏమన్నాడో నాకు వినబడలేదు, తర్వాత సారే చెప్పారు. ఒక్క పదమే కదండీ, మిగతాదంతా బాగానే ఉంది, లెటర్లు ఇవాళ పంపిద్దామనుకున్నాం అన్నాడట.

"ఆ ఒక్క పదం మీదనే కదప్పా అంతా నిలబడి ఉండాది! మేము సమ్మె గురించి అడగనే లేదు. టీచర్లు దుర్మార్గులా అని అడిగి వచ్చినాము. ఆ జవాబు పట్టుకుని మీరు ఎవరినన్నా తీసేస్తే, కోర్టులో మా పేరు చెప్తారు. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అన్నారు సారు.

కోర్టు మాట పని చేసిందని నా అనుమానం. లెటర్లు ఆగాయి. ఆయన కోర్టు మాట వాడింది భయపెట్టడానికా, నిజంగానే చెప్పేవారా అని నేను ఎప్పుడూ అడగలేదు. నిజంగానే చెప్పేవారని నా నమ్మకం.

సమ్మె అని అడిగితే

రెండోసారి 'సమ్మె' అని అడిగాం. యాజమాన్యం చేయిస్తున్న సర్వే అయినా ఎవరి జవాబూ పేరుతో సహా వాళ్ళకు చేరదని ముందే చెప్పాం. ఈసారి బెళ్ళందూరు తెలుగు ఇళ్ళు మిగతా ఇళ్ళ లాగే మాట్లాడాయి. జీతాల విషయంలో ఎక్కువ మంది టీచర్ల వైపే నిలబడ్డారు. అంత ఫీజు కడుతున్నాం, అందులోంచి వాళ్ళకు ఇవ్వడానికి ఏం రోగం అని ఒకావిడ నన్నే నిలదీసింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే కథ సుఖంగా ఉంటుంది. మైకు ముందు నేను ఇక్కడే ఆపాను.

రెండో ప్రశ్న స్టార్ల గురించి. అందులో మాట తప్పేమీ లేదు. ఏ భాషలో అడిగినా జవాబు ఒక్కటే వచ్చింది. స్టార్లు కావాలన్నారు. కన్నడంలో కావాలన్నారు, తమిళంలో కావాలన్నారు, రెండు రకాల తెలుగుల్లోనూ కావాలన్నారు. "క్యాబ్‌కి రేటింగ్ ఇస్తాం, బిర్యానీకి ఇస్తాం. టీచర్‌కి ఎందుకు ఇవ్వకూడదండీ?" అన్నాడు ఒక తండ్రి. ఆయన వ్యంగ్యంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

ఆసుపత్రి పెద్దమనిషి నేర్పిన పాఠం నాకు గుర్తుంది. అందుకని మా అమ్మాయిలకు ఇంకో ప్రశ్న ఇచ్చి పంపాను. మీ పిల్లల లెక్కల టీచరు పేరేమిటి? స్టార్లు కావాలన్నవాళ్ళలో చాలామంది అక్కడ ఆగిపోయారు. మ్యాథ్స్ మిస్ అన్నారు. కళ్ళద్దాలావిడ అన్నారు. లోపలికి తిరిగి, ఒరేయ్ మీ మిస్ పేరేంట్రా అని కేకేశారు. ఆవిడ క్లాసు ఎప్పుడైనా చూశారా అని అడగాల్సిన అవసరం రాలేదు.

సారుకు చెప్పాను. రిపోర్టులో రాయి, మొదటి పేజీలోనే రాయి అన్నారు. రాశాను. కార్యదర్శి మా ఎదురుగానే ఆ పేజీ చదివి, ఇంట్రెస్టింగ్ అన్నాడు. ఆ తర్వాత పేజీ తిప్పాడు.

సమ్మె ముగిసింది. జీతాలు పెంచారు. లెటర్లు బయటికి రాలేదు. ప్రమీల మళ్ళీ పదో తరగతిలో నిలబడింది. స్టార్ల పద్ధతి వచ్చే విద్యా సంవత్సరం నుంచి, 'తల్లిదండ్రుల అభిప్రాయాన్ని గౌరవిస్తూ' మొదలవుతుందని నోటీసు పెట్టారు. ఆ అభిప్రాయం మేము తెచ్చి ఇచ్చిందే. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

నోటీసు పెట్టిన రోజున ఆఖరి బిల్లు పని మీద బడికి వెళితే ప్రమీల గేటు దగ్గర కనబడి నవ్వింది. "మళ్ళీ పోయి సరిగ్గా అడిగినారంట కదా మేడం. మా వాళ్ళంతా చెప్పుకుంటా ఉండారు" అంది. నేను ఏదో గొణిగాను. నోటీసు ఇంకా చూసినట్టు లేదు. లోపలికి వెళితే బోర్డు ముందే ఉంది. ఆ పిల్లను వెనక్కి పిలిచి చెప్పాలనిపించింది, చెప్పలేదు. చెప్పడం నా పని కూడా కాదు.

మన పనిలో కష్టం ఇదని నా అభిప్రాయం. చెడ్డ ప్రశ్నకు వచ్చిన జవాబును చించేయవచ్చు. మంచి ప్రశ్నకు వచ్చిన చెడ్డ జవాబును ఏమీ చేయలేం. అది జనం చెప్పింది. వాళ్ళు చూడని మనిషి గురించి చెప్పారని పక్కన రాయగలం, అంతే. చదివేవాడు పేజీ తిప్పకుండా పట్టుకునే శక్తి మనకు లేదు. ఈ ఉద్యోగంలో ఉంటూ న్యాయం కూడా చేస్తానని వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు రెండేళ్ళలో విసుగొస్తుంది.

వర్తూరులో ఒక తలుపు

కొన్నాళ్ళకు, నేను రిటైరవడానికి ముందు చేసిన ఆఖరి పనుల్లో ఒకటి, వర్తూరులో నీళ్ళ ట్యాంకర్ల గురించి సర్వే. మా అమ్మాయిలు వెళ్ళినప్పుడు తాళం వేసి ఉన్న ఇళ్ళకు నేనే తిరుగుతూ ఒక సందులో తలుపు తట్టాను. గుమ్మం బయట పిల్లల చెప్పులు కుప్పగా ఉన్నాయి. సందు మొదట్లో పెద్ద కార్లు రెండు ఆగి ఉన్నాయి. డ్రైవింగు సీట్లో ఒక తల్లి ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని పని చేసుకుంటోంది.

తలుపు తీసింది ప్రమీల.

నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మంది. ముందు గదిలో చాప మీద పిల్లలు కూర్చుని లెక్కలు చేస్తున్నారు. గోడకు చిన్న నల్లబోర్డు ఉంది. ఒకడు వెనక్కి తిరిగి చూస్తే, "నీ పుస్తకంలో చూడప్పా, మేడం మొగంలో లేదు లెక్క" అంది. వాడు తల వంచుకున్నాడు.

బడి మానేశావా అని అడిగాను.

"మానేసినాను మేడం. మొదటి సంవత్సరమే నాకు స్టార్లు రాలేదు. చాలా స్ట్రిక్టు, మార్కులు వెయ్యదు, పిల్లల్తో మళ్ళీ మళ్ళీ చేయిస్తుంది అని రాసినారంట. పదో క్లాసు తీసేసి మూడో క్లాసు ఇచ్చినారు. ఆమేలె, దాని వెనకాలనే, జీతం పెంచేది నిలిపేసినారు. ఇంక సుమ్మనే, ఊరికే ఆడ ఉండేది ఎందుకని నేనే వచ్చేసినాను."

నాకు బాధ కలిగింది. ఈసారి దాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట వదలడానికి వీలుపడలేదు, నేను లోపలే ఉన్నాను.

"మరి ఈ పిల్లలు?" అన్నాను.

ప్రమీల కిటికీలోంచి కార్ల వైపు చూసింది. గొంతు తగ్గించింది, పిల్లలు వింటారని.

"ఆ స్కూలు పిల్లలే మేడం. బెళ్ళందూరు నుంచి వస్తారు. ఆడ నేను స్ట్రిక్టని ఒక్క స్టారు ఇచ్చినారు. ఈడికి మాత్రం, స్ట్రిక్టుగా చెప్తానని వెతుక్కుని మరీ పంపిస్తా ఉండారు."

తర్వాత ఆమె పిల్లలకు ఇంకో లెక్క ఇచ్చి, నాకు మంచినీళ్ళు తెచ్చింది.

"ఇంతకీ దేనికి వచ్చినారు?"

"నీళ్ళ ట్యాంకర్ల గురించి అడగడానికి."

"నన్నేనా?"

"నిన్నే."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "అన్ని రోజులు ఆడ గేటు ముందర కూచోని ఉంటిమి. మీరు మమ్మల్ని దాటుకునే కదా పోయి అందరినీ అడిగినారు, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు" అంది. గొంతులో కోపం లేదు. "ఇప్పుడు అడగండి మేడం, చెప్తాను."